గంగరాజు మాస్టారి కూత రిజిస్టర్లు

ఒక బడి పిల్లల బుగ్గల్లోంచి ఎనిమిదేళ్లపాటు ఓపికగా గుట్కాను ఊడ్చి పారబోసిన మనిషి సర్వీసు రిజిస్టరులో, "విద్యార్థులను పొగాకు వ్యసనానికి వదిలివేసినందుకు అభిశంసించడమైనది" అన్న పంక్తి ఎర్ర సిరాతో ఉంది. ఆ బడికి మూడే మూడుసార్లు, అదీ ప్రతిసారీ తిరుగు పడవ వేళ చూసుకుంటూ వచ్చి వెళ్లిన అధికారి దగ్గర, "పొగాకు వాడకాన్ని అసాధారణంగా తగ్గించినందుకు" అన్న ప్రశంసాపత్రం ఉంది. రెండు కాగితాల కిందా సంతకం ఒకటే. రెంటికీ మధ్య ఎడం తొమ్మిది నెలలు.

మొదటి కాగితం అందుకున్న మనిషి పేరు చిక్కాల గంగరాజు. గౌతమీ పాయ నడుమనున్న బుచ్చెమ్మలంక ఉన్నత పాఠశాలలో డ్రిల్లు మాస్టారు. తాటిచెట్టంత పొడుగు, దానికి తగిన సన్నం. మెడలో విజిలు, జేబులో ముక్కుపొడుం డబ్బీ, చేతిలో ఎప్పుడో జిల్లా పోటీల్లో బడికి బహుమతిగా వచ్చిన స్టాప్‌వాచీ. ఆ మూడింటితో ఆయన సంసారం సుఖంగా నడుస్తున్న కాలంలో ఊళ్లోకి గుట్కా దిగింది.

బుచ్చెమ్మలంకలో పండేదే పొగాకు. అలాంటి ఊరికి బయటినుంచి పొగాకు తెచ్చి అమ్మడం సముద్రపు ఒడ్డున ఉప్పు బస్తా దింపడం లాంటిది. అయినా అమ్ముడుపోయింది. బుల్లబ్బాయి కిరాణా కొట్టు చూరుకు మెరుపు కాగితాల దండలు వేలాడాయి. పిల్లలకు ఊరి పొగాకంటే చులకన. ఈ పొట్లాంలోది మాత్రం పట్నపు సరుకు. తొంభై అయిదు నాటికి తొమ్మిది, పది తరగతుల మగపిల్లల్లో ఒక బుగ్గ ఉబ్బి ఒక బుగ్గ మామూలుగా ఉన్నవాళ్లే ఎక్కువ. పాఠం అప్పజెప్పమంటే కిటికీ దాకా వెళ్లి వచ్చి మరీ అప్పజెప్పేవారు.

మాస్టారు మొదట బెత్తం వాడారు. బెత్తానికి బుగ్గలోది మింగేసేవారు. జేబులు వెతికారు. జేబుల్లోది చెప్పుల్లోకి మారింది. ఇలా కాదనుకుని, తనకు బాగా తెలిసిన ఒకే ఒక్క విద్యను ఆశ్రయించారు. అది చెడుగుడు. బడి కాగితాల్లో కబడ్డీ అంటారు గాని, కూతకు వెళ్లేవాడికి అది చెడుగుడే. కూత అంటే ఊపిరి తీసుకోకుండా, నోరు పూర్తిగా తెరిచి, ఎదుటివాడికి వినబడేలా అనాలి. బుగ్గలో గుట్కా ఉన్నవాడు నోరు తెరిస్తే గడ్డం మీద ఎర్ర కాలువ పారుతుంది. దొంగచాటుగా బీడీ కాల్చేవాడికి సగందూరంలో దగ్గు వస్తుంది. సోదా అక్కర్లేదు, సాక్ష్యం అక్కర్లేదు, దెబ్బ అంతకంటే అక్కర్లేదు.

పందొమ్మిది వందల తొంభై అయిదు, జూన్ పన్నెండు, సోమవారం. ప్రార్థన అయ్యాక ఆయన ప్రకటించారు: రేపటినుంచి ప్రతి మగపిల్లవాడూ అరుగు మెట్టునుంచి జెండా కొయ్య దాకా వెళ్లి తిరిగి వచ్చేవరకూ ఒకే ఊపిరిన కూత పెట్టాలి. కూత ఎన్ని సెకన్లు నిలిచిందో రిజిస్టరులో రాయబడుతుంది.

వెనక వరసలోంచి ఒక గొంతు వినబడింది. "ముందు తమరు పెట్టి చూపించండి మేస్టారూ."

"అడిగింది ఎవరో నాకు తెలీదు గాని, అడిగింది మాత్రం న్యాయం," అన్నారు మాస్టారు. పంచె ఎగగట్టి బయలుదేరారు. జెండా కొయ్య ఇంకా నాలుగు బారల దూరంలో ఉండగా ముక్కుపొడుం తన పని తాను చేసింది. ఆ తుమ్ముకు కొబ్బరిచెట్టు మీది కాకులు లేచిపోయాయని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కాకుల మాట ఎలా ఉన్నా, రిజిస్టరు మొదటి పుటలో మొదటి పద్దు ఆయన స్వదస్తూరీతో ఇలా ఉంది: "చిక్కాల గంగరాజు, డ్రిల్లు మాస్టారు, 9 సెకన్లు, ముక్కుపొడుం." ఆ సాయంత్రమే డబ్బీ గౌతమిలో పడింది.

ప్రధానోపాధ్యాయులు తాతాజీ గారు నిదానస్తులు. మర్నాడు పిలిపించి అడిగారు. "గంగరాజు గారూ, సర్క్యులరు లేకుండా ఈ కూతలేంటండీ?"

"ఊపిరి పీల్చుకోడానికి సర్క్యులరు ఎందుకండీ?"

"పీల్చుకోడానికి అక్కర్లేదండీ. బిగబట్టడానికే ఉండాలేమోనని," అన్నారు తాతాజీ గారు. అంతకుమించి అడ్డుచెప్పలేదు.

మొదటి ఏడు రిజిస్టరులో నలభై ఒక్క పేర్ల పక్కన "దవడ" అని ఉంది. బుగ్గలో సరుకుతో దొరికినవారికి మాస్టారు పెట్టిన గుర్తు అది. తిట్టు లేదు, ఇంటికి కబురు లేదు. కూత తెగినవాడు ఆ రోజు ఆటలో ఉండడు, అంతే. కాని లంకలో సాయంత్రం ఆట లేనివాడికి ఏటిని చూస్తూ కూర్చోవడం తప్ప వేరే పని లేదు. ఏరు ఎంతసేపని చూస్తాడు? తొంభై ఎనిమిదిలో "దవడలు" పదిహేడయ్యాయి. మధ్యలో ఆడపిల్లలు, "మాకు ఊపిరి లేదాండీ?" అని నిలదీస్తే వాళ్లనూ వరసలో చేర్చారు. రెండువేల రెండులో దవడలు రెండే. అందులో ఒకటి పిప్పిపన్ను వాపు. అది కూడా రిజిస్టరులో ఉంది, పక్కన ఆర్‌.ఎం.పి. డాక్టరు చీటీ గుండుసూదితో గుచ్చి.

బుల్లబ్బాయి ఒకనాడు ఎదురుపడి వాపోయాడు. "మేస్టారూ, మీ కూత నా కొట్టు మీద పడిందండీ. దండలు ఎండిపోతన్నాయి."

"జీళ్లు పెట్టు."

"పెట్టేనండి. జీడి బుగ్గలో ఉన్నా కూత రావట్లేదని అదీ మానేసేరు."

"అయితే వేరుశనగ ఉండలు పెట్టవయ్యా. నమిలి మింగేస్తారు, నాకూ నీకూ పేచీ ఉండదు."

దండల చోట గాజు సీసాలు వెలిశాయి. ఇంతవరకూ ఏ కార్యాలయానికీ ఈ సంగతి తెలియదు. తెలియనంతకాలం అందరూ క్షేమంగా ఉన్నారు.

రెండువేల మూడు జూలై ఇరవై ఒకటిన, ఏరు ఎర్రబారి పోటెత్తుతున్న వేళ, జిల్లా యువజనారోగ్య విభాగం నుంచి ఉదయభాస్కర్ గారనే సర్వే అధికారి ఫారాల కట్టతో పడవ దిగారు. కౌమార వయస్కుల్లో పొగాకు, మద్యం, మాదకద్రవ్యాల వాడకం ఏ దిశగా పోతోందో తేల్చడం ఆయన పని. పని మంచిదే. కాని దిగింది పదకొండూ యాభైకి, తిరుగు పడవ పన్నెండున్నరకి. నీరు పెరుగుతోంది కనుక మరో పడవ ఉండదని సరంగు ముందే చెప్పాడు.

ఉదయం ప్రార్థనలోనే మాస్టారు పిల్లలకు బోధించి ఉన్నారు. "ఇవాళ మిమ్మల్ని కొలవడానికి వస్తున్నారు. కాగితం మీద అబద్ధం రాస్తే కూత మధ్యలో దొంగ ఊపిరి తీసినట్టే. దొరక్కపోవచ్చు. తీసినవాడికి తెలుస్తుంది." ఆ మాటలే తన మెడకు చుట్టుకుంటాయని ఆయన కలలోనైనా ఊహించలేదు.

"ఉపాధ్యాయులు బయట ఉండండి. మీరుంటే పిల్లలు నిజం చెప్పరు," అన్నారు ఉదయభాస్కర్ గారు. మాస్టారు వరండాలో కిటికీ పక్కన నిలబడ్డారు.

ఫారంలో నాలుగో ప్రశ్న ఇది: "చుట్ట, బీడీ, సిగరెట్టు, వీటిలో దేనినైనా ఎప్పుడైనా నోట పెట్టుకుని పొగ లాగారా?"

తొమ్మిదో తరగతి మంజుష లేచి నిలబడింది. ముప్పై ఎనిమిది సెకన్ల కూతతో బడి మొత్తానికి మొదటి స్థానం ఆ పిల్లదే. "మా నాయనమ్మకి చుట్ట ముట్టించి ఇచ్చేది కూడా లెక్కేనాండీ?"

"లాగావా, లేదా?"

"లాక్కపోతే అంటుకోదండి."

"అయితే అవునని రాయి. కథలొద్దు. ఇంకెవరూ లేవకండి, టైము లేదు."

ఎవరూ లేవలేదు. అవునని రాశారు.

లంక ఇళ్లలో అది మనవల ఉద్యోగం. ముసలమ్మలు భోజనం చేసి వీధరుగు మీద చేరగిలబడతారు. మోకాళ్లు వంగవు, పొయ్యి దగ్గర కళ్లు ఆనవు. మనవడో మనవరాలో చుట్ట పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తి, పొయ్యిలో నిప్పుకు ఆనించి, రెండు దమ్ములు లాగి రాజేసి, ఆరిపోకుండా తెచ్చి చేతిలో పెట్టాలి. బాగా రాజేసినవాళ్లకు మెప్పు, తడిపినవాళ్లకు మొట్టికాయ. పాలు తెచ్చినట్టే, మజ్జిగ చిలికినట్టే. అదొక తప్పని ఎవరికీ తోచలేదు కనుక ఎవరూ దాచనూ లేదు. "గత ముప్పై రోజుల్లో ఎన్ని రోజులు?" అన్న ప్రశ్నకు ముప్పై అని రాశారు, నాయనమ్మకు సెలవు లేదు కనుక. "మొదటిసారి ఏ వయసులో?" అంటే ఆరు, అయిదు అన్నారు. "మానుకోవాలని ప్రయత్నించారా?" అన్నచోట ఒక పిల్లవాడు, "ప్రయత్నించితిని. నాయనమ్మ తిట్టినది," అని వ్యాకరణబద్ధంగా రాశాడు.

వరండాలో మాస్టారికి మంజుష ప్రశ్న వినబడింది, జవాబూ వినబడింది. కిటికీలోంచి ఒక్క మాట అనబోయారు. బయట ఉండమన్నారు కనుక ఆగారు. ఆ ఒక్క మాట అననందుకు ఆయన తనను తాను తిట్టుకున్నట్టు ఇంకెవరూ ఆయనను తిట్టలేదు.

ఆగస్టులో నివేదిక వచ్చింది. నూటనలుగురు విద్యార్థుల్లో తొంభై ఒక్కరు పొగాకు వాడకందారులు, అంటే ఎనభై ఏడున్నర శాతం. తక్కిన పదముగ్గురూ ఘనులని కాదు, ఇంట్లో నాయనమ్మలు లేని దిక్కులేనివాళ్లు. "ఎవరినుంచి పొందుతున్నారు?" అన్న ప్రశ్నకు వచ్చిన జవాబులను కూడి, "వృద్ధ మహిళలతో కూడిన వ్యవస్థీకృత సరఫరా వలయం" ఒకటి లంకలో పనిచేస్తోందని పద్నాలుగో పుటలో తేల్చారు. జిల్లా పత్రికలో మొదటి పేజీకెక్కిన ఆ వార్త పేరు, "పొగాకు కోరల్లో లంక బడి." అదే నివేదికలో ఏటికి ఆవలి ఒక బడికి సున్నా శాతం, ప్రథమ స్థానం. అక్కడ సర్వేకు ముందురోజు పిల్లలందరిచేతా "లేదు, లేదు, లేదు" అని నల్లబల్ల మీది జవాబులు ఎక్కించుకోమన్నారని, ఆ బడి గేటు ఎదుటి కొట్టుకు దండలు ఇంకా వేలాడుతున్నాయని తెలియనివారు ఆ నివేదిక రాసినవారొక్కరే.

మాస్టారు మంజుషను పిలిచి సంగతంతా కనుక్కున్నారు. ఎనిమిదేళ్లు పిల్లల బుగ్గలు చూశారు, కొట్టు చూరు చూశారు. వంటింటి పొయ్యి వైపు చూడలేదు. నాయనమ్మ కోసం లాగినా పొగ పొగే, వెళ్లేది పిల్ల ఊపిరితిత్తుల్లోకే. అది ఆయనకు ఏ అధికారీ చెప్పకుండానే అర్థమైంది. రిజిస్టరు తెరిచి, ఆ రోజు తేదీ కింద ఇలా రాశారు: "పిల్లలు ఇంట పెద్దలకు చుట్టలు రాజేయుట ఇన్నాళ్లు నా దృష్టికి రాలేదు. తప్పు నాది." సంతకం చేశారు.

ఆ సాయంత్రం మంజుష నాయనమ్మ ఇంటికి వెళ్లారు. ఆవిడ పేరు చిన్నమ్మాయి. వయసు డెబ్బై ఎనిమిది.

"చిన్నమ్మాయి గారూ, మీమీద గవర్నమెంటు రిపోర్టు వచ్చిందండీ. వలయం నడుపుతున్నారట."

"ఏం వలయం నాయనా? నా చేతికి గాజులే వదులైపోయేయి."

మాస్టారు పత్రిక చదివి వినిపించారు. ఆవిడ నోట్లో చుట్ట తీసి అరుగు కింద నలిపేసింది. ఆవిడ కోపం పత్రిక మీద కాదు, తన మీద. మర్నాడు పొగాకు పందిరి కింద ముసలమ్మల సభ జరిగింది. సభాధ్యక్షత ఆవిడదే, తీర్మానమూ ఆవిడదే. ఇకమీదట ఎవరి చుట్ట వారే ముట్టించుకోవాలి. పిల్ల నోట పెట్టిన చుట్ట పెద్దలు తాకరాదు. పొయ్యి దగ్గర వంగలేనివాళ్ల కోసం బుల్లబ్బాయి రంగురంగుల లైటర్లు ఒక డబ్బాడు తెప్పించాడు. బొటనవేలితో ఆ చక్రం తిప్పడం చేతగాక ఇద్దరు ముసలమ్మలు చుట్టే మానేశారు. ఈ సభకు కూడా సర్క్యులరు లేదు.

సెప్టెంబరు పద్దెనిమిదిన విచారణ. విచారణాధికారి మళ్లీ ఉదయభాస్కర్ గారే. తాను రాసిన నివేదిక నిజమా కాదా అని తానే తేల్చడానికి వచ్చారు. తాతాజీ గారి గదిలో కూర్చున్నారు. చిన్నమ్మాయి గారు మనవరాలి భుజం పట్టుకుని, పిలవకుండానే సాక్ష్యానికి వచ్చింది.

"మీరు మైనరు బాలికకు పొగాకు అందించారా?"

"ఆయ్. చేతికి అందించేను. మళ్లీ నా చేతికే తెచ్చి ఇచ్చేసేది. దానికి మిగిలిస్తే నాకేం ఉంటాది బాబూ?"

"అవునా, కాదా చెప్పండి."

"మీరు పెళ్లిలో పురోహితుడిలాగున్నారు. అడిగిన మాటే అడుగుతారు. ఇప్పుడు ఇవ్వట్లేదండీ. ఇదిగో లైటరు." అని చీర కొంగు ముడి విప్పి, వెలిగించి చూపించింది. ఫైలు అంచు దగ్గర మంట చూసి ఉదయభాస్కర్ గారు కుర్చీ వెనక్కి జరిపారు.

మాస్టారు తొమ్మిది రిజిస్టర్లూ బల్ల మీద పెట్టారు. "పిల్లలను మీరు కాగితం మీద కొలిచారండి. ఒక్కసారి ఊపిరి మీద కూడా కొలవండి. జెండా కొయ్య దాకా, తిరిగి. స్టాప్‌వాచీ మీ చేతిలోనే ఉంచుకోండి."

"ఇది ప్రొఫార్మాలో లేదండీ."

"లేదండీ. పిల్లల్లో ఉంది."

స్టాప్‌వాచీని ఉదయభాస్కర్ గారు ముట్టుకోలేదు. మాస్టారే వాచీ నొక్కి విజిలు ఊదారు. మంజుష అరుగు దిగింది. "చెడుగుడు, చెడుగుడు" అంటూ జెండా కొయ్య చుట్టి, మెట్టు దాకా వచ్చి, ఊపిరి మిగిలిపోతే మెట్టు మీద నిలబడి మరి కాస్త కూసింది. తాతాజీ గారు అంతటి నిదానస్తులు, కిటికీలోంచి సగం బయటికి వంగి చూశారు. ముప్పై తొమ్మిది సెకన్లు. ఆ పిల్ల పాత లెక్క మీద ఒకటి ఎక్కువ. తరువాత తక్కిన పిల్లలు వరసగా కూత పెట్టారు. ఉదయభాస్కర్ గారు తన చేతి గడియారమే చూసుకున్నారు, పడవ వేళ కోసం. చిన్నమ్మాయి గారు నెమ్మదిగా అంది: "బాబూ, పొగ తాగే పిల్ల అలా కూస్తాదా? పోనీ మీరోపాలి వెళ్లి రండి, చూద్దాం."

ఆయన వెళ్లింది రేవుకు.

నవంబరులో విభాగం పెద్దల సంతకంతో ఉత్తరువు వచ్చింది. రెండో పేరాలో ఇలా ఉంది: "విచారణ సమయమున విద్యార్థులు గుంపుగా నినాదములు చేసిరి. దీనిని సదరు ఉపాధ్యాయుడు ప్రోత్సహించెను." కూత నినాదమైంది. మూడో పేరాలో, తొమ్మిది రిజిస్టర్లలోని వేలాది పద్దుల్లోంచి ఒకే ఒక్క పంక్తిని ఉటంకించారు: "తప్పు నాది." ఉపాధ్యాయుడు లిఖితపూర్వకంగా నేరాన్ని అంగీకరించినందున అభిశంసన విధించడమైనదని ముగించారు. రిజిస్టర్లు మాత్రం "విషయమునకు సంబంధించనివి" అన్న ముద్రతో తిరిగొచ్చాయి.

తాతాజీ గారు ఉత్తరువు చదివి కళ్లజోడు తీశారు. "ఆ పంక్తి రాయకుండా ఉండాల్సింది గంగరాజు గారూ."

"పిల్లల్ని నిజం రాయమని నేను రాయకపోతే ఎలాగండీ?"

ఆయనకు ఉద్యోగం మిగిలింది పద్నాలుగు నెలలు. జీతం తగ్గలేదు, బదిలీ లేదు. ఊరివాళ్లు, "పోనిద్దురూ, ఎర్ర గీత ఎవరు చూస్తారు?" అన్నారు. ఆయన చూస్తారు. ముప్పై ఏళ్ల సర్వీసులో వేల కూతలకు తీర్పు చెప్పి, తెగని కూతను తెగిందని ఎన్నడూ అనని మనిషి, తన కూత తెగిందని రాసిన పుస్తకాన్ని దాటి ఇంటికి పోలేకపోయారు. మూడు అప్పీళ్లు పెట్టుకున్నారు. మూడింటికీ రసీదులున్నాయి. జవాబు లేదు.

రెండువేల నాలుగు జూలైలో సర్వే మళ్లీ వచ్చింది. అదే ఫారం, అదే అధికారి, అదే పడవ. ఈసారి నాలుగో ప్రశ్నలో "గత ఆరు నెలల్లో" అన్న మాట చేరింది. పిల్లలు ఈసారీ నిజమే రాశారు. నూట ఆరుగురిలో ముగ్గురు అవునన్నారు. ఆ ముగ్గురి పేర్లూ మాస్టారికి ముందే తెలుసు, వాళ్ల నాయనమ్మలు లైటరంటే భయపడేవాళ్లు. ఎనభై ఏడున్నర శాతం మూడు శాతానికి దిగింది. ఆగస్టు పదిహేనున, జిల్లా కేంద్రంలో, "విభాగం తీసుకున్న కఠిన క్రమశిక్షణ చర్యల ఫలితంగా" అన్న వాక్యం చదివి, ఉదయభాస్కర్ గారికి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆ వార్త విన్న చిన్నమ్మాయి గారు ఒకటే అడిగింది. "లైటర్లు ఆయన కొనిచ్చేడేంటి?"

రెండువేల అయిదు జనవరి ముప్పై ఒకటిన గంగరాజు మాస్టారు రిటైరయ్యారు. దండ వేశాక మాట్లాడమన్నారు. పంచె ఎగగట్టి అరుగు దిగారు. యాభై ఎనిమిదేళ్ల మనిషి జెండా కొయ్య చుట్టి మెట్టు దాకా ఒకే ఊపిరిన వచ్చారు. పదో తరగతికి వచ్చిన మంజుష స్టాప్‌వాచీ పట్టుకుని రిజిస్టరులో చివరి పద్దు రాసింది: "చిక్కాల గంగరాజు, డ్రిల్లు మాస్టారు, 24 సెకన్లు." పక్కన దవడ లేదు, ముక్కుపొడుం లేదు. ఎర్ర సిరా మాత్రం వేరే పుస్తకంలో అలాగే ఉంది.

జిల్లా యువజనారోగ్య విభాగం వారికి, ఆ రెండు కాగితాల మీదా సంతకం చేసిన పెద్దలకు మనవి కాదు, డిమాండు ఇది. ఆ అభిశంసనను కొట్టివేయండి. "తప్పు నాది" అన్న పంక్తి ఉటంకించదలిస్తే, దానికి ముందున్న ఎనిమిదేళ్లను కూడా ఉటంకించండి. ఉత్తరువు రెండో పేరాలో "నినాదములు" అన్నచోట "కూత, ముప్పై తొమ్మిది సెకన్లు" అని దిద్దండి. ప్రశంసాపత్రం మీద పేరు మార్చి, బుచ్చెమ్మలంక చిన్నమ్మాయి గారని రాయండి. ఆవిడ తాను చెప్పిన మాట మీద ఇప్పటికీ ఉంది, మీలాగ కాదు. తొమ్మిది రిజిస్టర్లు, నాలుగు పుటల ఉత్తరువు నకలు, పత్రిక ముక్క, మూడు రసీదులు భద్రంగా ఉన్నాయి. అడిగిన నాడు బల్ల మీద పెట్టబడతాయి. ఆ ఎర్ర గీత కొట్టివేయడానికి మీరే స్వయంగా రండి. ఈసారి మాత్రం తిరుగు పడవ వేళ చూసుకోకుండా రండి.